నర్సవ్వ ఆకలి

సూరత్ బమ్రోలిలో నర్సవ్వ మెస్సుకు బోర్డు లేదు. పాండేసర వైపు నుంచి వచ్చే సందులో మలుపు తిరగగానే తాలింపు వాసన తగులుతుంది. కాస్త ముందుకు పోతే చెప్పులు కనిపిస్తాయి. ఏ గుమ్మం ముందు చెప్పులు ఎక్కువుంటే అదే ఆమె ఇల్లు. లోపల పొడవాటి గది, గోడల వెంబడి చాపలు. గుమ్మం పక్కన ఒక పీట, పీట మీద నర్సవ్వ, ఆమె ముందు ఆమె పళ్లెం. మున్సిపాలిటీ తెలుగు బడిలో పంతులుగా సూరత్ వచ్చిన మొదటి వారం నుంచి నేను అక్కడే తిన్నాను. ఇల్లూ పిల్లలూ కరీంనగర్‌లో ఉన్నారు, నాకు వంట రాదు, నేర్చుకునే ఓపిక అసలే లేదు.

ముందు ఆ పళ్లెం సంగతి చెప్పాలి. మన ఇళ్లలో వండిన మనిషి అందరూ తిన్నాక, మిగిలితే, వంటింట్లో మూలన కూర్చుని తింటుంది. నర్సవ్వ మెస్సులో ఆ పద్ధతి తిరగబడింది. వడ్డన కాగానే ఆమె తన పళ్లెంలో కూడా అన్నం పెట్టుకుని అందరి ఎదుట కూర్చునేది. ఆమె మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న తర్వాతే చాపల మీద చేతులు కదిలేవి. కొత్తగా వచ్చినవాడు ఆగకుండా తినబోతే పక్కవాడు మోచేత్తో పొడిచేవాడు.

ఇది ఎట్లా మొదలైందో సోమలింగం చెప్పాడు. సోమలింగం ఆ మెస్సులో అందరికంటే పాత మనిషి, సిరిసిల్ల దగ్గరివాడు, తల పూర్తిగా నెరిసింది. నర్సవ్వ మెస్సు పెట్టిన కొత్తలో పక్క సందులోని ఇంకో మెస్సులో నూనె చెడి, తిన్నవాళ్లంతా వాంతులతో పడ్డారట. ఆ వారం ఏ మెస్సు అన్నమూ ఎవరూ ముట్టలేదు. బిస్కెట్లు తిని పనికి పోయారు. నర్సవ్వ వండిన అన్నం పెద్ద గంజు గిన్నెలో వండినట్టే ఉండిపోయింది. మర్నాడు ఆమె గుమ్మంలో పీట వేసుకుని, పళ్లెం నిండా పెట్టుకుని కూర్చుంది.

"మీ పళ్లెంల ఏమున్నదో నా పళ్లెంల గదే ఉన్నది. సస్తే అందరం కలిసే సద్దాం, రాండ్రి" అందట.

నవ్వి, తిన్నారు. భయం వారంలో పోయింది కాని పళ్లెం మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇంటికి దూరంగా, గదికి పదిమంది చొప్పున పడుకునే మగవాళ్లకు ఎదురుగా కూర్చుని తినే ఒక ఆడమనిషి ఉండడం ఎంత అలవాటవుతుందో నాకు తర్వాత తెలిసింది. ఆమె లేని పూట నాకే కూర చప్పగా అనిపించేది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, వాళ్లంతా ఒకేసారి తినరు. వాళ్లు సాంచాల మీద పనిచేసేవాళ్లు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. అవి రాత్రీ పగలూ నడుస్తాయి. పగటి పాళీ వాళ్లు తెల్లవారుతూనే తిని పోతారు. రాత్రి పాళీ వాళ్లు అప్పుడే దిగి వచ్చి తింటారు. మధ్యాహ్నం ఒకడి సాంచాలు ఇంకొకడు చూస్తుంటే వంతులవారీగా వస్తారు. సాయంత్రం మళ్లీ ఇదే వరస. ప్రతి పంక్తితోనూ నర్సవ్వ పళ్లెం పెట్టుకునేది. ప్రతిసారీ కొంచెమే, కాని ప్రతిసారీ పళ్లెమే. ఆకలిగా ఉందా అని ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె తనను తాను అడగనూ లేదు. ఏళ్లు గడిచాయి, ఆమె పీట వెడల్పయింది. పాత పీట పగిలితే ఈసారి కొంచెం పెద్దది చేయించారని చెప్పుకున్నారు.

ఆమె భర్త సదానందం. ముప్పై ఏళ్లు సాంచాల మధ్య నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు కూరగాయలు తెస్తాడు, నీళ్లు పడతాడు, బియ్యం మూట దింపుతాడు. మంచివాడు. ఆయనతో ఏదైనా గుట్టు విషయం మాట్లాడాలంటే సందు చివరిదాకా వినిపించేలా మాట్లాడాలి.

లాక్‌డౌన్ పెట్టినప్పుడు జనం దొరికిన రైలెక్కి, దొరకనివాళ్లు నడిచి, ఊళ్లకు పోయారు. నర్సవ్వ దంపతులు ఎక్కడికీ పోలేదు. పోవడానికి వీలు లేక మిగిలిపోయిన నాబోటి నలుగురైదుగురికి ఆమె వండింది. పని తగ్గింది, పళ్లెం తగ్గలేదు. దసరా తర్వాత కుర్రాళ్లు తిరిగొచ్చి చూసి, "అవ్వా, లాక్‌డౌన్ నీకే మంచిగ కలిసొచ్చింది" అని ఎగతాళి చేశారు. ఆమె కూడా నవ్వింది.

ఆ చలికాలంలో ఒక ఉదయం అన్నం గంజు దించుతుండగా బొడ్డు దగ్గర ఏదో పటుక్కుమంది. చూసుకుంటే నిమ్మకాయంత ఉబ్బు. చీర కుచ్చిళ్లు దాని మీదికి కట్టుకుని నెలా రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి నాతో చెప్పింది. భర్తకు చెబితే బమ్రోలి అంతటికీ చెప్పినట్టే కదా. నేను పంతులును, పైగా తన అన్నం తినేవాణ్ని, కనుక నోరు మూసుకుంటానని లెక్క వేసుకుని ఉంటుంది. ఉధ్నాలో ఒక ధర్మాసుపత్రికి ఇద్దరం ఆటోలో వెళ్లాం.

డాక్టరు గుజరాతీ ఆయన, వయసు మళ్లినవాడు, తొందరపాటు లేని మనిషి. హెర్నియా అన్నాడు. పొట్ట గోడ చిరిగి పేగు బయటికి తోసుకొస్తోందని, కోసి కుట్టాలని చెప్పాడు.

"కాని ఇంత పొట్ట మీద వేసిన కుట్టు నిలవదు. పది కిలోలైనా తగ్గి రండి. బరువులు ఎత్తకండి. లోపల పేగు ఇరుక్కుందంటే మాత్రం అప్పుడు కిలోలు చూసే వ్యవధి ఉండదు. ప్రాణం మీదికొస్తుంది" అన్నాడు హిందీలో.

ఏం తింటారని అడిగితే నేను పళ్లెం సంగతి చెప్పాను. ఆయన రాయడం ఆపి ఆమె వైపు తిరిగాడు. "ఆకలి ఎప్పుడెప్పుడు వేస్తుందమ్మా?"

నర్సవ్వ హిందీ నా హిందీ కంటే మేలు. అయినా ఆ మాట అర్థం కానట్టు నా వైపు చూసింది. తర్వాత తెలుగులోనే, నాతోనే అంది:

"ఆకలా? చిన్నప్పుడు శాన ఉండె సారు. అది మల్ల రావద్దనే గదా వంట పని పట్టుకున్న."

నేను దాన్ని హిందీలోకి మార్చి చెప్పాను. డాక్టరు కలం కింద పెట్టాడు. "ఆకలి వేస్తే తినండి. వేయకపోతే ఎవరు కూర్చోబెట్టినా తినకండి. నా దగ్గర ఇంతకుమించి మందు లేదు" అన్నాడు.

బరువు తగ్గాలనుకునేవాళ్లకు లోకంలో సలహాలకు కొదవ లేదు. ఆ రోజుల్లో ఫోను తెరిస్తే అవే. ఆకలి లేకపోయినా వేళకు తినమని ఒకాయన, ఆకలి వేసేదాకా ముట్టవద్దని ఒకావిడ. ఇద్దరూ ఫొటోలో సన్నగానే ఉన్నారు. నర్సవ్వకు ఇవేవీ తెలియవు కాబట్టి డాక్టరు మాటే పట్టుకుంది. ఆటోలో తిరిగొస్తూ నా చేత ఒట్టు వేయించుకుంది.

"బొడ్డు సంగతి మగోళ్లకు చెప్పుకునేదా సారు? గది అటుండనీ. పేగు జారిందని తెలిస్తే, ఇగ దీనితోటి గంజులు లేవయ్ అని ఇంకో మెస్సు సూసుకుంటరు. నువ్వు నోరిప్పకు."

మర్నాటి నుంచి పీట మీద కూర్చుంది కాని పళ్లెంలో అన్నం పెట్టుకోలేదు. చాపల మీద చేతులు ఆగాయి.

"ఏందవ్వా, తింటలేవు?"

"ఆకలి లేదు బిడ్డా. మీరు తినుండ్రి."

ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకుని తిన్నారు. రెండు మూడు రోజులకు అదీ అలవాటైంది.

ఆకలి ఆమెకు అంత సులువుగా దొరకలేదు. ఒకరోజు ఉదయం ఏమీ తినలేదు, మధ్యాహ్నమూ తినలేదు. సాయంత్రం కావస్తుండగా నాకు కబురు పెట్టింది. వెళ్లేసరికి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన ఖాళీ జీరా సోడా సీసా.

"సారు, పేగు ఇరికింది కావచ్చు. కడుపుల గుంజుతాంది. కాళ్లు వణుకుతానయ్. సోడా తాగితే తగ్గలే."

నొప్పి ఎక్కడని అడిగితే బొడ్డు దగ్గర కాదు, పైన, రొమ్ము కింద చూపించింది. వాంతి లేదు. ఉబ్బు మెత్తగానే ఉందంది.

"నర్సవ్వా, ఎప్పుడు తిన్నవ్?"

"నిన్న రాత్రి."

"అది పేగు కాదు. అది ఆకలి."

ఆమె నమ్మలేదు. అయినా లేచి ఇంత అన్నం పెట్టుకుని, పచ్చిపులుసు పోసుకుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. ఆరేళ్లుగా ఆమె తినడం చూస్తున్నాను. రోజుకు ఎన్నిసార్లో చూశాను. తింటూ కళ్లు మూసుకోవడం అప్పుడే చూశాను. తిన్నాక చెయ్యి కడుక్కోకుండా కాసేపు అట్లాగే కూర్చుని, "పచ్చిపులుసు గింత మంచిగ చేస్తనా నేను?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది, ఎందుకో దుఃఖం కూడా వచ్చింది.

మార్చి వచ్చేసరికి రవికలు వదులయ్యాయి. ఆసుపత్రి త్రాసు మీద నాలుగు కిలోలు తగ్గింది. డాక్టరు మెచ్చుకున్నాడు. వేసవి దాటాక కోద్దామన్నాడు.

ఏప్రిల్‌లో కరోనా రెండో విడత వచ్చింది. ఆ నెల సూరత్ ఎట్లా ఉందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, చూడనివాళ్లకు చెప్పి లాభం లేదు. మా బడి మూసే ఉంది కనుక పంతుళ్లను ఇంటింటి సర్వేకు పంపారు. నా చేతికి వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు ఒకటిచ్చారు. ప్రతి గుమ్మంలో అడగాల్సిన ప్రశ్నలు అవే: జ్వరం ఉందా, దగ్గు ఉందా, వాసన తెలుస్తోందా, ఆకలి వేస్తోందా. కార్ఖానా గేటు దగ్గర సేట్ మనుషులూ ఇవే అడిగేవారు. ఆకలి లేదన్నవాణ్ని లోపలికి రానిచ్చేవారు కాదు. గదిలో తోటివాళ్లు పక్క చుట్టి బయట పెట్టేవారు. దాంతో బమ్రోలిలో మగవాళ్లంతా ఒకరికొకరు కనబడేలా, రెండోసారి అడిగి పెట్టించుకుని మరీ తినడం మొదలుపెట్టారు. ఆకలి లేదు అన్న మాట నోటి వెంట రానిచ్చేవాళ్లు లేరు. రోజూ, ప్రతి పంక్తికీ, గట్టిగా ఆ మాట అంటున్నది ఒక్క నర్సవ్వే.

మొదట ఎత్తింది రాజనర్సు. ముప్పై అయిదేళ్లుంటాయి, భయస్థుడు, మాస్కు మీద మాస్కు కట్టి దాని మీద దస్తీ రుమాలు కట్టేవాడు. చెయ్యి కడుక్కునే చోట పక్కవాడితో అంటుంటే నేను విన్నాను.

"అవ్వ రెండు నెలలాయె తింటలేదు. బుగ్గలు గుంజుకపోయినయ్. సూడు. మనకు వండేది గామెనే."

మర్నాడు అతను ఉధ్నా రోడ్డు మీది ఇంకో మెస్సుకు మారాడు. తర్వాత ముగ్గురు. ఆ తర్వాత ఒక పంక్తి పంక్తే రాలేదు. ఎవరూ ఆమె ముఖాన ఏమీ అనలేదు. గుమ్మం ముందు చెప్పులు తగ్గాయంతే. ఆమె మున్సిపాలిటీ గుడారంలో పరీక్ష చేయించుకుంది, ఏమీ లేదని తేలింది. అది చెబితే, పరీక్ష తప్పు చెబుతుందట కదా అన్నారు. పరీక్ష మీద లేని నమ్మకం అన్నం ముద్ద మీద ఉంది వాళ్లకు. దానికి వాళ్లను అని ఏం లాభం, అలవాటు చేసింది ఆమే.

నేను కోప్పడ్డాను. "పొట్ట సంగతి చెప్పు. ఒక్క మాటతో పోతది" అన్నాను.

"పేగు జారిందంటే పోరా? ఎటు సెప్పినా పోతరు సారు" అంది.

వండిన అన్నం సగం మిగిలిపోతున్న ఒక మధ్యాహ్నం సోమలింగం వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"చెల్లే, నీకేం రోగం లేదని నాకెర్కే. ఆళ్లకెట్ల ఎర్క? మునుపటి తీర్గ ఆళ్ల ముందట తిను. జర మెస్సు నిలవడుతది."

ఆమె నా వైపు చూసింది. వద్దని తల ఊపాను. ఆమె లేచి పళ్లెం తెచ్చుకుంది.

ఆకలి ఎట్లా ఉంటుందో తెలిశాక, ఆకలి లేకుండా తినడం మునుపటిలా లేదు. మునుపు తెలియక తినేది. ఇప్పుడు ప్రతి ముద్దా ఎక్కడ ఆగుతుందో, ఎట్లా కిందికి దిగుతుందో తెలిసి తింటోంది. చూడ్డానికి నాకే కష్టంగా ఉండేది, ముఖం తిప్పుకునేవాణ్ని. రెండు రోజుల్లో చెప్పులు తిరిగొచ్చాయి. అన్ని పంక్తులతోనూ మళ్లీ పళ్లెం. మూడు వారాలకు తగ్గిన బరువులో సగం తిరిగొచ్చింది. ఉబ్బు గట్టిపడిందని, సాయంత్రాలు అరచేత్తో ఒత్తిపెట్టుకుంటే గాని లోపలికి పోవడం లేదని చెప్పింది. ఆసుపత్రిలో మామూలు కోతలన్నీ ఆపేశారు. డాక్టరు ఫోనులో ఒకటే అన్నాడు, పేగు ఇరుక్కుంటే ఇప్పుడు మంచం దొరకదు, జాగ్రత్త అని.

రాజనర్సు కూడా తిరిగొచ్చాడు. సిగ్గుపడుతూ కిటికీ పక్కన కూర్చున్నాడు. కాని తిండికి సిగ్గుపడలేదు. "అవ్వా, ఇంకింత కూర ఏయి" అని కేకేసేవాడు. తక్కినవాళ్లు సంతోషించారు. మనిషి గట్టిగానే ఉన్నాడని అర్థం.

అతను తిరిగొచ్చిన మూడో రోజు మధ్యాహ్నం. అందరూ తింటున్నారు. నర్సవ్వ చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. రాజనర్సునే చూస్తోంది. నేనూ చూశాను, నాకేమీ కనబడలేదు. ఒక మనిషి వంకాయ కూరతో అన్నం తింటున్నాడు, అంతే.

ఆమె ముద్దను పళ్లెంలో వేసి, నేల మీద చెయ్యి ఆన్చి లేచింది.

"రాజనర్సూ, లే."

"ఏందవ్వా?"

"నీకు ఆకలి లేదు."

గదిలో చేతులన్నీ ఆగాయి. రాజనర్సు నవ్వబోయాడు. "ఉన్నదవ్వా. తింటలేనా?"

"తింటానవ్. ఆకలి లేదు. ముద్దముద్దకు నీళ్లు తాగుతానవ్. మెడ ఎత్తి మింగుతానవ్. పద్దెనిమిదేండ్లు ఆకలి లేకుంట తిన్నదాన్ని నేను. గా ముద్ద ఎట్ల దిగుతదో నాకెర్క లేదా? గిప్పుడు గూడ గట్లనే తింటాన."

పక్కనున్నవాళ్లు పళ్లేలు పట్టుకుని దూరం జరిగారు. నేను సంచిలోంచి మీటరు తీసి అతని వేలికి పెట్టాను. తొంభై అయిదుకు పైన ఉండాల్సిన చోట ఎనభై దగ్గర కొట్టుకుంటోంది. రాజనర్సు చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఏడవడం మొదలుపెట్టాడు.

"నాలుగు రోజులాయె అవ్వా. జరం గోలీ ఏసుకొని పాళీకి పోతాన. తినకుంటె పసిగడ్తరని తింటాన. ఉప్పు లేదు, కారం లేదు, మన్ను బుక్కినట్టున్నది. రూముకెల్లి ఎల్లగొడ్తె యాడికి పోను?"

108కు ఫోను చేస్తే వరసలో ఉన్నారు, ఆగండి అన్నారు. సదానందం ఎక్కడి నుంచో ఒక ఆటో పట్టుకొచ్చాడు. ఎక్కడికని డ్రైవరు అడుగుతున్నది ఆయనకు వినబడక, "పెద్దాసుపత్రి! పెద్దాసుపత్రి!" అని అరుస్తూనే ఉన్నాడు. నేనూ ఎక్కబోతుంటే వెనక నర్సవ్వ గొంతు వినబడింది. లోపల మిగిలినవాళ్లతో మాట్లాడుతోంది. అరవడం లేదు.

"నాకు రోగం లేదు. బొడ్డు కాడ పేగు జారింది. కొయ్యాల్నంటె బరువు తగ్గాలె. ఆకలైతెనే తినుమన్నడు డాక్టరు. గిదే ముచ్చట. మీకోసమని మల్ల తింటాన. ఇగ తిన. ఉంటె ఉండుండ్రి, పోతె పోండ్రి."

పళ్లెం తీసి గిన్నెలు కడిగే చోట పడేసిన చప్పుడు ఆటో దాకా వినబడింది.

రాజనర్సును చేర్చుకున్నారు. ఇంకో రోజు ఆలస్యమైతే కష్టమయ్యేదని నర్సు చెప్పింది. చాలామందికి అట్లాగే చెప్పి ఉంటుంది, కాని ఇతని విషయంలో నిజమే. అతనితో కలిసి తిన్నందుకు మున్సిపాలిటీ వాళ్లు మెస్సు రెండు వారాలు మూశారు. మాలో ఇద్దరికి జ్వరం వచ్చి పోయింది. నర్సవ్వకు ఏమీ కాలేదు.

మెస్సు తెరిచిన రోజు ఎంతమంది వస్తారో నేను పందెం కట్టే స్థితిలో లేను. దాదాపు అందరూ వచ్చారు. ఎందుకు వచ్చారో వాళ్లలో చాలామందికే తెలియదు. బహుశా, ఆకలి లేని మనిషిని చూసి పట్టుకోగలిగిన చోట తినడమే క్షేమం అనుకుని ఉంటారు. గంజు దించే వేళకు ఇద్దరు ముగ్గురు తామే లేచి వెళ్లి దించారు, ఎవరూ చెప్పలేదు. నర్సవ్వ పీట మీద ఖాళీ చేతులతో కూర్చుంది. ఆమె కోసం ఎవరూ ఆగలేదు. మొదటి ముద్ద సోమలింగం తిన్నాడు.

తింటూ అన్నాడు, "నిజం సెప్పాల్నంటె చెల్లే, రాత్రి పాళీ దిగినంక మాకు గూడ ఆకలుండది. పండాల్నని ఉంటది. నువ్వు పళ్లెం పెట్టుకొని కూసుంటవని తినేటోళ్లం."

ఆమె అతన్ని కొట్టేలా చూసింది. తర్వాత నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుంది, నొప్పి పుట్టి తిట్టింది. అప్పటి నుంచి రాత్రి పాళీ వాళ్లలో కొందరు ముందు నిద్రపోయి, లేచాక తింటున్నారు.

జూన్‌లో రాజనర్సు వచ్చాడు. చొక్కా లోపల మనిషి ఉన్నాడో లేడో అన్నట్టున్నాడు. గుమ్మంలో నిలబడి లోపలికి రాలేదు. నర్సవ్వ తిన్నావా అని అడగలేదు.

"ఆకలైతాందా?" అంది.

"అయితాందవ్వా" అన్నాడు. కిటికీ పక్కకు పోయి కూర్చున్నాడు. అందరిలోకీ నెమ్మదిగా తిన్నాడు, కూర అడగలేదు.

వానలు తగ్గుతుండగా డాక్టరు చెప్పిన బరువుకు ఆమె దగ్గరికొచ్చింది. ఒకటి రెండు కిలోలు ఎక్కువే, పర్వాలేదన్నాడు. కోతకు ముందు రోజు సాయంత్రం ఆసుపత్రిలో చేర్చాం. రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టవద్దని చెప్పారు. మెస్సులో వంట పక్కింటి జమునకు అప్పజెప్పింది. ఉప్పు ఎంతో, పులుసు ఎంతో చెబుతూనే వెళ్లింది.

మర్నాడు ఉదయం నేను మెస్సుకు వెళ్లాను. నాకు బాగా ఆకలిగా ఉంది, దాచను. గుమ్మం ముందు చెప్పులు మామూలుకంటే ఎక్కువున్నాయి. లోపల రాత్రి పాళీ వాళ్లు చాపల మీద కూర్చుని ఉన్నారు. కొందరు గోడకు ఆనుకుని కునుకుతున్నారు. గంజుల మీద మూతలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పీట ఖాళీగా ఉంది. జమున మూలన కూర్చుని సణుగుతోంది. పగటి పాళీ వాళ్లూ తినకుండానే పోయారట.

"ఏంది, ఎవరూ తింటలేరు? ఆకలి లేదా?" అన్నాను.

"ఉన్నది సారు" అన్నాడు రాజనర్సు. "అవ్వ తినలే గదా."

నాకు ఒళ్లు మండింది. "ఆమెను తిననియ్యరు. కోసేముందు తినొద్దు. ఇక్కడ మీరు ఎండితే అక్కడ ఆమెకేం లాభం?"

"లాభం ఏం లేదు సారు" అన్నాడు, చాలా మామూలుగా.

ఎవరికైనా బుద్ధి చెప్పడం నా వృత్తి. ఆ రోజు చెప్పలేకపోయాను. కాసేపు నిలబడి, తర్వాత నేనూ కూర్చున్నాను. జమున నా కోసం మూత తీయబోయింది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో నన్నడగవద్దు. సోమలింగం ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నమవుతుండగా అది మోగింది. సదానందం. ఫోను చెవికి పెట్టుకోనక్కర్లేదు, గదంతా వినబడుతోంది.

"కోత మంచిగనే అయింది! మంచిగనే ఉన్నది!"

"ఏమన్న అన్నదా?" అని సోమలింగం అడిగాడు. అవతల ఆయనకు వినబడదని అందరికీ తెలుసు, అయినా అడిగాడు. సదానందం తన ధోరణిలో తాను చెప్పుకుపోయాడు.

"ఇప్పుడే కండ్లు తెరిసింది! ఆకలైతాందంటాంది! శాన ఆకలైతాందట!"

ఫోను పెట్టేశాడు. సోమలింగం కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. రాజనర్సు లేచి గంజు మీద మూత తీశాడు. అన్నం చల్లారి ముద్దకట్టిందని గొణుక్కుంటూనే జమున అందరికీ వడ్డించింది. నేను రెండుసార్లు పెట్టించుకున్నాను.